మాసిక వేయని అతుకు

"చెయ్యి పెట్టండి సార్, ఊరికే పెట్టి చూడండి. కాలితే తీసేద్దురు గాని," అన్నాడు మేస్త్రీ.

కంటి ఆసుపత్రి మేనేజరు అనుమానంగా చూశాడు. మిట్టమధ్యాహ్నం డాబా మీద రెండు ముక్కలు పరిచి ఉన్నాయి. ఒకటి నల్లటి తారు షీటు, రెండోది తెల్లటి ప్లాస్టిక్ షీటు. మేనేజరు ముందు తెల్లదాని మీద అరచేయి ఆనించి, పర్వాలేదన్నట్టు తలాడించాడు. తర్వాత నల్లదాని మీద వేళ్ళు పెట్టీ పెట్టకముందే "అబ్బా!" అని చేయి లాక్కుని ఊదుకున్నాడు. పనివాళ్ళు మొహాలు పక్కకు తిప్పుకుని నవ్వుకున్నారు.

"ఆ వేడంతా కింద పేషెంట్ల నెత్తిన దిగుతుంది. పైగా తారు షీటు అతకాలంటే మంట పెట్టాలి. కింద ఆక్సిజన్ సిలిండర్లు పెట్టుకుని పైన మంటతో పనేంటి సార్?"

"సరేనయ్యా, తెల్లదే కానివ్వండి. కానీ ఆ డ్రిల్లింగు దేనికి? గమ్ముతో అంటించేస్తే పోయేదానికి! కింద రోగులు చెవులు మూసుకుంటున్నారు."

"గమ్ము వానకు చాలు సార్, గాలికి చాలదు. తుఫాను గాలి కప్పుని కిందకు నొక్కదు, పైకి లాగుతుంది. అందులోనూ మూలల దగ్గర మరీనూ. అందుకే అంచుల్లో జానెడుకో స్క్రూ బిగిస్తున్నాం. నాలుగు రోజులు చెవులు మూసుకోమనండి, పదిహేనేళ్ళు కళ్ళు మూసుకుని పడుకోవచ్చు."

కంటి ఆసుపత్రిలో ఆ మాటకు మేనేజరు కూడా నవ్వాడు. కప్పు వేసే కంపెనీ ఇంజనీరు ముక్కలు చూపించే పని ఎప్పుడూ మేస్త్రీకే వదిలేసేవాడు. ముప్పై ఏళ్ళుగా కప్పులు వేస్తున్న మనిషి. ఆయన చెబితే ఎదుటివాడు కాదనలేడు.

కాస్త దూరంగా నిలబడి ఇదంతా చూస్తున్న ఆయన కూతురికి మనసు నిండిపోయింది. కానీ మేనేజరు మెట్లు దిగిపోయాక, ఆ రెండు ముక్కలూ ఎత్తడానికి వంగినప్పుడు నాన్న కుడిచేయి వణికింది. ఒకసారి కాదు, ఆగకుండా వణికింది. ఆయన ముక్కల్ని చంకలో ఇరికించుకుని ఆ చేతిని జేబులో దాచేశాడు. మిగతావాళ్ళెవరూ చూడలేదు.

ఆ డాబా మీద అందరూ ఆమెను కొక్కెం అనే పిలుస్తారు. ఆమె పని అలాంటిది. ఒక షీటు అంచు మీద ఇంకో షీటు అంచు నాలుగు వేళ్ళ మేర ఎక్కించి, మధ్యలో వేడిగాలి ఊది, కరిగినచోట రోలరుతో నొక్కితే రెండూ ఒకటైపోతాయి. పొడవాటి అతుకులన్నీ చక్రాల మిషను చేసుకుంటూ పోతుంది. మూలలూ, పైపుల చుట్టూ, పిట్టగోడ మలుపులూ మాత్రం మేస్త్రీ వేడిగాలి ఊదే చేతిగన్నుతో చేస్తాడు. అతుకు చల్లారాక ఆమె సన్నటి ఇనుప కొక్కేన్ని దాని వెంబడి గీసుకుంటూ వెళుతుంది. గట్టిగా అతికినచోట కొక్కెం జారిపోతుంది. అతకనిచోట మొన లోపలికి దిగుతుంది. దిగినచోట నీలం సుద్దతో అడ్డగీత పెట్టి, ఎక్కడో, ఎవరి చేతి పనో పుస్తకంలో రాయాలి. అప్పుడు దాని మీద అరచేతంత మాసిక వేస్తారు. ఒకే కప్పు మీద ఒకే మనిషి పేరున ఐదు గీతలు పడితే ఆ మనిషి గన్ను దించెయ్యాలి. రూలు కంపెనీదే అయినా దాన్ని తూచా తప్పకుండా నడిపేది మేస్త్రీయే. స్వయానా బావమరిదిని దించేసినప్పుడు రెండిళ్ళ మధ్యా ఆరు నెలలు మాటల్లేవు.

ఆ సాయంత్రం దక్షిణం మూలలో నీళ్ళ పైపు చుట్టూ గీస్తుంటే కొక్కెం లోపలికి దిగింది.

ఆమె ఆగిపోయింది. తీసి మళ్ళీ గీసింది. మళ్ళీ అక్కడే, రెండంగుళాల మేర దిగింది. తల ఎత్తి చూసింది. నాన్న నీడలో కూర్చుని, సీసాలో నీళ్ళు రెండు చేతులతో పట్టుకుని తాగుతున్నాడు. ఆయన అలా రెండు చేతులతో తాగడం ఎప్పటినుంచో ఆమెకు గుర్తు రాలేదు.

సుద్దముక్క జేబులోనే ఉండిపోయింది. ఒక్కటే కదా అనుకుంది. ఎంత పనివాడికైనా ఒకటి తప్పుతుంది.

మర్నాడు పొద్దున ఇంకో మూడు దొరికాయి. అన్నీ ఆ దక్షిణం మూలలోనే, అన్నీ చేతిగన్నువే. పుస్తకం తెరిచి, తారీఖు వేసి, మూసేసింది. నాలుగు గీతలు పెడితే నాన్నకు మిగిలేది ఒకటే. అది మధ్యాహ్నానికి రాదన్న నమ్మకం లేదు. గన్ను దించితే నాన్న ఏమవుతాడో ఆమెకు ఊహకు కూడా అందలేదు. ఇంట్లో ఆయన కూర్చునే తీరు కూడా పనికి వెళ్ళబోయే మనిషిలాగే ఉంటుంది.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు దిగారు. మేస్త్రీ మాత్రం మెట్ల గది నీడలో అన్నం తిని, తువ్వాలు మొహాన కప్పుకుని ఓ కునుకు తీస్తాడు. ఆయన గురక మొదలయ్యాక ఆమె గన్ను తీసుకుని దక్షిణం మూలకు వెళ్ళింది.

పని ఆమెకు కొత్త కాదు. తండ్రే నేర్పాడు. ఎడమచేతి వాటం పిల్లకు ఎలా నేర్పాలో తెలియక, తనే ఎడమచేత్తో వారం రోజులు తంటాలు పడి మరీ నేర్పాడు. విడిపోయిన అతుకుని ఎలా బాగుచెయ్యాలో కూడా చెప్పాడు. ఒకసారి వేడి తగిలిన షీటు మళ్ళీ అంత తేలిగ్గా అతకదు. లోపలికి దుమ్ము, చెమ్మ చేరి ఉంటాయి. గీకి, మందుతో తుడిచి, ఆరాక పైన మాసిక వెయ్యాలి. అంతేగాని సందులోకి మళ్ళీ గాలి ఊది నొక్కితే పై అంచు మాత్రం అంటుకుంటుంది, లోపల ఖాళీగానే ఉండిపోతుంది.

ఇవన్నీ తెలిసే ఆమె సందులోకి గాలి ఊది నొక్కింది. మాసిక వేస్తే తెల్లటి షీటు మీద గుండ్రంగా కనబడుతుంది. చూసినవాడల్లా ఇది ఎవరిదని అడుగుతాడు. తుడిచే మందు డబ్బా నాన్న తల పక్కనే ఉంది. తీస్తే ఆ ఘాటుకి లేస్తాడు. నాలుగు అతుకులూ అలాగే నొక్కి, చల్లారాక కొక్కెం గీసి చూసింది. జారిపోయింది. అమ్మయ్య అనుకుంది. కొక్కేనికి దొరకనిది గాలికి దొరుకుతుందని ఆ క్షణాన తట్టలేదు. తట్టినా తోసేసి ఉండేది, అంత భయంగా ఉంది ఆమెకు.

నాన్న నిద్ర చెడకుండా బయటి గోడకు వేసిన నిచ్చెన దిగుతుంటే కింది వార్డు కిటికీలోంచి ఓ గొంతు పిలిచింది.

"ఎవరదీ, గోకుడు పిల్లేనా?"

కిటికీ పక్క మంచం కండక్టరమ్మది. ఎడమ కంటికి నల్లగుడ్డు మార్చారు. కట్టు ఇంకా విప్పలేదు. కుడికన్ను అంతకుముందే అంతంతమాత్రం. అందుకని మనుషుల్ని అడుగుల చప్పుడుతోనే పోల్చుకుంటుంది.

"నేనేనమ్మా. నిద్ర చెడగొట్టానా?"

"నిద్రా! పాతికేళ్ళు బస్సులో నిలబడి బతికినదాన్ని. పడుకోవడమే చేతకావట్లేదు. నువ్వు గోకుతుంటే అదే కాలక్షేపం. ఏం వెతుకుతున్నావే అంతసేపు?"

"ఎక్కడైనా అతకలేదేమోనని."

"దొరికాయా మరి?"

"లేదమ్మా. అన్నీ బాగున్నాయి."

"మీ నాన్న పని కదూ, ఎందుకుంటాయ్! నిన్న మేనేజరు చెయ్యి కాల్చాడటగా. నర్సు చెబితే కుట్లు తెగేలా నవ్వొచ్చింది, ఆపుకున్నా." ఆవిడ గొంతు తగ్గించింది. "ఇంకో మూడు వారాల్లో డ్యూటీ ఎక్కొచ్చన్నాడు డాక్టరు. ఫస్టు ట్రిప్పు నువ్వు మా బస్సే ఎక్కాలి. నీ మొహం ఎలా ఉంటుందో చూడాలని ఉంది."

ఎక్కుతానని చెప్పి ఆమె త్వరత్వరగా దిగిపోయింది.

మూడో రోజుకి ఆమె దొంగచాటుగా నొక్కిన అతుకులు తొమ్మిదయ్యాయి. ఆ సాయంత్రం ఇంజనీరు ఫోను చెవికి పెట్టుకునే పైకి వచ్చాడు. రేపు మధ్యాహ్నానికి తుఫాను తీరం దాటుతుందట. గాలి మామూలుగా ఉండదట. స్క్రూలు బిగించే పొడుగాయన్నీ, మేస్త్రీనీ, ఆమెనీ దగ్గరకు పిలిచాడు.

"కప్పు పూర్తయినట్టేగా. పొడుగు పట్టీలు ఎన్ని మిగిలాయి?"

"రెండు మూలలకు సరిపడా ఉన్నాయి సార్," అన్నాడు పొడుగాయన. అతుకు మీద అడ్డంగా వేసి శ్లాబులోకి బిగించే లోహపు పట్టీలవి. ఒకసారి బిగిస్తే కింద అతుకు ఎలా ఉన్నా కదలదు.

"ఉన్నవి నాలుగు మూలలు. ఏ రెండు వదిలెయ్యొచ్చు?" ఇంజనీరు ఆమె వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు కొక్కెం. ప్రతి అంగుళం చూసింది నువ్వే. ఏ మూల నీకు కొంచెమైనా అనుమానంగా ఉంటే అక్కడ వేసేద్దాం."

దక్షిణం మూల అన్న మాట ఆమె నాలుక చివరి దాకా వచ్చింది. ఆ వెంటనే ఇంజనీరు ఎందుకని అడుగుతాడు. పుస్తకంలో ఎందుకు లేదంటాడు. పక్కనే నాన్న నిలబడి ఉన్నాడు. జేబులో చేయి పెట్టుకుని, కన్నార్పకుండా కూతురి మొహంలోకే చూస్తున్నాడు. నన్ను బయటపెట్టకు అని బతిమాలుతున్నాడనే అనుకుంది ఆమె.

"అన్నీ బాగున్నాయి సార్. ఎక్కడ వేసినా ఒకటే."

"అయితే ఉత్తరం వైపు వెయ్యండి, గాలి ముందు అటునుంచే వస్తుంది," అన్నాడు ఇంజనీరు. మేస్త్రీ కళ్ళు దించుకుని పట్టీలు తేవడానికి వెళ్ళాడు.

గాలి ముందు ఉత్తరం నుంచే వచ్చింది. మర్నాడు మధ్యాహ్నం రెండింటి దాకా ఆసుపత్రి కప్పు మీద ఆకు కదిలినంత చప్పుడు కూడా లేదని చెప్పుకున్నారు. ఇంట్లో తండ్రీ కూతుళ్ళు తలుపులు బిగించుకుని కూర్చున్నారు. ఆమెకు ప్రాణం కుదుటపడుతుండగా గాలి ఒక్కసారి ఆగి, అటు తిరిగి దక్షిణం నుంచి కొట్టడం మొదలెట్టింది.  మేస్త్రీ గాలి వీచే వైపు గోడకేసి చూస్తూ ఉండిపోయాడు. కాసేపటికి ఫోను మోగింది.

నీళ్ళ పైపు దగ్గర అతుకు విచ్చుకుంది. అక్కడ దూరిన గాలి షీటుని పక్కబట్టలా ఎత్తి పిట్టగోడ మీదికి మడిచేసింది. డాబా మీద నిలిచిన నీళ్ళు పాత పగుళ్ళలోంచి వార్డులోకి ధారగా దిగాయి. కళ్ళకు కట్లున్న పదకొండు మందిని నర్సులు చేతులు పట్టుకుని వరండాలోకి నడిపించారు. ఇద్దరు నర్సులు, పదకొండు మంది. కండక్టరమ్మ, నాకెందుకు, ముందు ముసలాళ్ళని తీసుకెళ్ళండి అందట. తనే గోడ పట్టుకుని నడిచింది. నీళ్ళలో కాలు జారి, పక్క మంచం కోడు మీద మొహం కొట్టుకునేలా పడింది. కుట్లు తెగిపోయాయి. ఆ కంటికి ఇక చూపు రాదని సాయంత్రానికి డాక్టర్లు తేల్చేశారు.

మర్నాడు ఆకాశం ఏమీ ఎరగనట్టు తేటగా ఉంది. డాబా మీద ఇంజనీరు, మేనేజరు, పొడుగాయన, తండ్రీ కూతుళ్ళు దక్షిణం మూలలో నిలబడ్డారు. ఇంజనీరు చిరిగిన షీటు అంచు తిరగేసి చూపించాడు.

"చూడండి. మొదటి వేడి తగిలి మెరుస్తోంది ఇక్కడ. దాని మీద దుమ్ము. దుమ్ము మీద మళ్ళీ కరిగించారు, అదీ చివరనే. గీకలేదు, తుడవలేదు, మాసిక లేదు. పుస్తకంలో ఒక్క గీత లేదు. ఇలాంటివి వరసగా తొమ్మిది. ఎవరు చేశారిది?"

మేస్త్రీ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అతుకు మీద రోలరు గీతలు కుడినుంచి ఎడమకు వాలి ఉన్నాయి. ఆయన వాటి మీద వేలు పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి తడుముకుంటూ వెళ్ళాడు. ఆ పని ఎవరిదో ఆయనకు తెలిసిపోయిందని ఆమెకు తెలిసింది. ఎందుకు చేసిందో కూడా ఆయనకు అర్థమైపోయింది. అది చూడలేక ఆమె చూపు తిప్పుకుంది.

"నేనే సార్," అన్నాడాయన.

"కాదు సార్!" ఆమె ముందుకొచ్చింది. "నాన్న కాదు, నేను. భోజనాలప్పుడు నేనే నొక్కాను. గీతలు చూడండి సార్, ఎడమచేతివి. నాదే ఎడమచేతి వాటం."

ఇంజనీరు ఒకసారి గీతలకేసి చూశాడు.

"పిట్టగోడ అడ్డం కదా సార్. అవతలి వైపు నుంచి వంగి చేశాను, అందుకే అలా పడ్డాయి," అన్నాడు మేస్త్రీ తాపీగా. "అయినా దానికి గన్ను పట్టుకోవడమే రాదు."

"నాన్నా!"

"నువ్వు ఊరుకో తల్లీ."

మేనేజరు నిట్టూర్చాడు. ఇంజనీరు ఆమె భుజం తట్టాడు. "నాన్న మీద ఈగ వాలనివ్వవని మాకందరికీ తెలుసమ్మా. కూతురంటే నీలా ఉండాలి. కానీ ఇది అలా సర్దుకునే విషయం కాదు. ఒక మనిషి కన్ను పోయింది."

ఆమె పొడుగాయన వైపు తిరిగింది. "మీరైనా చెప్పండి బాబాయ్! నేను గన్ను పట్టుకోవడం మీరు చూడలేదా?" పొడుగాయన బూటు ముక్కుతో నీటి గుంటను కెలికాడు. చూశాడని ఆయన మొహమే చెబుతోంది. అయినా, పనిలోంచి పోయేవాడి మాట కాదని, పనిలో ఉండాల్సిన పిల్లను కూడా పోగొట్టడం ఎందుకనుకున్నాడో ఏమో, నోరు విప్పలేదు.

మేస్త్రీ గన్ను అప్పగించి కాగితం మీద సంతకం పెట్టాడు. సంతకం పెడుతున్నంతసేపూ చేయి వణుకుతూనే ఉంది. ఆ రోజు దాన్ని దాచుకోవాలని చూడలేదు. ఇక ఏ సైటులోనూ గన్ను ముట్టుకోవడానికి వీల్లేదని అందులో రాసి ఉంది. తర్వాత ఆయన ఎవరినీ అడక్కుండానే కిందికి దిగి, వార్డులోకి వెళ్ళి, కండక్టరమ్మ మంచం దగ్గర చాలాసేపు నిలబడి వచ్చాడు.

సాయంత్రం ఇంట్లో ఆమె అన్నం పెట్టింది. ఆయన ముద్ద కలిపాడు గాని నోటిదాకా వెళ్ళలేదు.

"మొత్తం తొమ్మిదేనా?"

"ఊఁ."

"నా లెక్కలో ఆరే."

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. "నీకు తెలుసా?"

"ముప్పై ఏళ్ళ నుంచి చేస్తున్నా, తెలియకుండా ఎలా ఉంటుందే! మొదటిది ఆ పైపు దగ్గరే తప్పింది. చెయ్యి ఆగలేదు. మాసిక వేద్దామని సంచీ దాకా వెళ్ళి ఆగిపోయా. కొక్కెం చూస్తుంది, గీత పెడుతుంది అనుకున్నా. ఐదు పడతాయి, నలుగురిలో పేరు చదువుతారు, రూలు రూలే కదా, దించేస్తారు. నాకై నేను దిగే ధైర్యం లేకపోయింది తల్లీ. నువ్వు దింపుతావని చూశా."

"నాన్నా..."

"రోజూ సాయంత్రం నీ పుస్తకం తీసి చూసేవాణ్ని. ఏమీ ఉండేది కాదు. నేను గీసి చూసుకుంటే బాగానే జారేది. అయితే నా చేయి ఇంకా బాగానే ఉందేమో, ఊరికే అనుమానపడ్డానేమో అనుకున్నా. పట్టీలు ఎక్కడ వెయ్యాలని ఇంజనీరు నిన్ను అడిగినప్పుడు, ఇప్పుడైనా చెబుతావేమోనని నీ మొహంలోకే చూశా. నువ్వు అన్నీ బాగున్నాయన్నావు." ఆయన కంచం పక్కకు జరిపాడు. "నీ మాట నమ్మా. నీ కన్నా బాగా చూసేవాళ్ళు ఎవరున్నారు?"

ఆయన గొంతులో నిష్ఠూరం ఇసుమంత కూడా లేదు. తిట్టి ఉంటే ఆమె తట్టుకునేది. గరిటె పట్టుకునే అక్కడే కూలబడి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన ఎంగిలిచేత్తోనే ఆమె తల మీద చేయి వేశాడు. ఆ చేయి ఆమె జుట్టులో వణుకుతూనే ఉంది.

మర్నాడు పొద్దున ఆమె పనికి వెళ్ళింది. గన్ను ఆమె చేతికే ఇచ్చారు. వేరే మనిషి దొరికేదాకా నువ్వే నేర్చుకో అన్నాడు ఇంజనీరు. ఆమె పైకి ఎక్కకుండా వార్డులోకి వెళ్ళింది. కండక్టరమ్మ మంచం గోడ వైపుకు మార్చారు. కట్టు ఇంకాస్త మందంగా ఉంది. అడుగుల చప్పుడు విన్నా ఆవిడ పలకరించలేదు.

"నేనమ్మా."

"తెలుసు. మీ నాన్న వచ్చి వెళ్ళాడు. ఏడ్చాడు. నాకేమో కోపం రాలేదు. పెద్దాయన, చెయ్యి తప్పింది, ఏం చేస్తాడు!"

"చెయ్యి తప్పింది ఆయనదే. కానీ అది నాకు ముందే దొరికింది. గీత పెట్టాలి, పెట్టలేదు. ఆయన్ని దించేస్తారని దాచాను. పైపైన నొక్కేసి అన్నీ బాగున్నాయని చెప్పాను. పట్టీ ఎక్కడ వెయ్యాలని అడిగితే అప్పుడూ చెప్పలేదు. మీకూ అబద్ధమే చెప్పాను, ఆ కిటికీ దగ్గర. నిన్న అందరికీ చెబితే ఎవరూ నమ్మలేదు. నాన్న కోసం నా మీద వేసుకుంటున్నాననుకున్నారు."

 కండక్టరమ్మ దుప్పటి అంచును వేళ్ళతో మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది.

"అప్పుడు, లేదమ్మా అన్నీ బాగున్నాయి అన్నప్పుడు," అంది చివరికి, "నీ గొంతు ఒక్క క్షణం ఆగింది. పాసు లేకుండా ఎక్కినవాళ్ళ గొంతు అలాగే ఆగుతుంది. పాతికేళ్ళుగా వింటున్నా. ఏదో ఉందిలే అనుకున్నాను. అడగాల్సింది. అడగలేదు."

"క్షమించమని అడగడానికి రాలేదమ్మా."

"నమ్ముతున్నానే. నువ్వు చెప్పింది మొత్తం నమ్ముతున్నా." ఆవిడ గోడ వైపుకు తిరిగి పడుకుంది. "ఇంక వెళ్ళు. మళ్ళీ ఈ మంచం దగ్గరకు రాకు."

 ఆమె వరండాలోకి వచ్చి, నిచ్చెన పట్టుకుని పైకి ఎక్కింది. ఎండ అప్పుడే తెల్లటి షీటు మీద కళ్ళు చెదిరేలా పడుతోంది. దక్షిణం మూలలో మళ్ళీ పరిచిన షీటు దగ్గర కూర్చుని, మొదటి అతుకు గీకి, మందు గుడ్డతో తుడిచింది. ఆరేదాకా ఆగి, అరచేతంత మాసిక కత్తిరించి అతికించింది. పుస్తకం తెరిచి ఎవరి చేతి పనో రాయాల్సినచోట తన పేరు రాసుకుని, రెండోదాని దగ్గరకు జరిగింది.